పాత కారు కొనేముందు: మీటరు ఒక్కటే సాక్షి కాదు

అందరికీ నమస్కారం. పనులు మానుకుని ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది త్వరలోనే పాత బండి కొనబోతున్నారని అర్థమవుతోంది. ముప్పై ఏళ్లుగా నా పని బండ్ల కిందా బానెట్ల ముందే. అందులో తెలుసుకున్నదే ఇవాళ మీకు చెబుతాను. రాసుకోవాలనుకునేవాళ్లు రాసుకోండి. మధ్యలో సందేహం వస్తే చెయ్యెత్తండి, చివరిదాకా ఆగక్కర్లేదు.

ముందు ఒక బండి గురించి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక టీచరమ్మ నా షెడ్డుకు కారు తీసుకొచ్చారు. కొని రెండు రోజులైంది. "అంతా బాగానే ఉందండీ, ఆయిల్ మార్చి ఇవ్వండి చాలు" అన్నారు. మీటరులో 38 వేల కిలోమీటర్లు. పెయింటు మెరుస్తోంది. లోపల సీట్ కవర్లు కొత్తవి. నేను తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా అలాగే ఆగాను. డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగాయి. కొన్ని సెకన్లకు ఏబీఎస్ లైటు, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ లైటు, ఆరింది. ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. అప్పుడు స్టార్ట్ చేశాను. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరింది. సరిగ్గా అదే క్షణంలో ఎయిర్‌బ్యాగ్ లైటూ ఆరింది.

అలా జరగకూడదు. ఎయిర్‌బ్యాగ్ లైటు తనను తాను పరీక్షించుకుని, ఇంజన్ స్టార్ట్ చేసినా చేయకపోయినా, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆయిల్ లైటు ఇంజన్ తిరిగి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ఆరుతుంది. ఈ రెండూ ఒకేసారి ఆరాయంటే ఎవరో రెండు వైర్లను కలిపేశారన్నమాట. స్టీరింగ్ మధ్యలో ఉండే మూత విప్పి చూశాను. ఎయిర్‌బ్యాగ్ లేదు. దాని చోట మడిచి పెట్టిన స్పాంజి ముక్క ఉంది. ఆ రెండు రోజులూ ఆవిడ తన ఇద్దరు పిల్లల్ని అదే బండిలో స్కూలుకు తీసుకెళ్లారు.

ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. ఆవిడ అజాగ్రత్తగా కొన్నారని అనుకోకండి. గంటకు పైగా చూశారట. గీతలు చూశారు, టైర్లు చూశారు, ఏసీ వేశారు, రేడియో వేశారు. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ బాగున్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మాత్రం పొంతన కుదరదు. 38 వేలు తిరిగిన బండికి బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా ఎందుకు అరిగింది? బండి వయసుకు మించిన మెరుపు ముందు భాగంలోనే ఎందుకుంది? నేను ఇవాళ మీకు నేర్పించాలనుకుంటున్నది ఆ పొంతన చూడటం. బండిలో ప్రతి భాగమూ ఒక సాక్షి. ఒక సాక్షి చేత అబద్ధం చెప్పించవచ్చు. పదిమంది చేత ఒకే అబద్ధం చెప్పించడం చాలా కష్టం, చాలా ఖర్చు. అమ్మేవాళ్లు అంత ఖర్చు పెట్టరు.

1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. అమ్మేవాడికి తన బండి సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు. కొనేవాడు భయపడి అన్ని బండ్లకూ తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండి ఉన్నవాడే అమ్ముతాడు. అలా బజారులో చెడ్డవి మిగులుతాయి. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. నాకు ఆర్థికశాస్త్రం రాదు కానీ ఆ మాట ఎంత నిజమో రోజూ చూస్తాను. నిజాయితీగా బండి చూసుకున్న మనిషికి కూడా సరైన ధర దక్కదు, ఎందుకంటే కొనేవాడికి తేడా తెలియదు. మీరు చూడటం నేర్చుకుంటే మీకొక్కరికే కాదు, బండిని బాగా చూసుకున్న యజమానికీ మేలు.

సరే, బండి దగ్గరికి వెళ్దాం.

మొదటి మాట ఫోనులోనే చెప్పాలి. "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." ఇంతే. వెళ్లగానే మొదట బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే కారణం అడగండి. నిజమైన కారణమే ఉండొచ్చు. అయినా ఆ రోజు చూడటం ఆపేసి ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ చెప్పే విషయాలు వేడి ఇంజన్ చెప్పదు. రాత్రంతా నిలబడ్డ ఇంజన్లో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో టైమింగ్ చెయిన్, అంటే వాల్వుల్ని పిస్టన్లతో జతగా కదిలించే గొలుసు, వదులుగా ఉంటే గలగలమంటుంది. వాల్వుల పక్క నుంచి ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే వాల్వ్ సీల్స్ పోయి ఉంటే సైలెన్సర్ నుంచి నీలంగా ఒక్క పొగ దమ్ము వచ్చి ఆగిపోతుంది. డీజిల్ బండిలో చల్లటి ఇంజన్‌ను స్టార్టుకు వేడెక్కించే గ్లో ప్లగ్గులు పోతే స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. ఇవన్నీ అరగంట నడిపిన బండిలో కనబడవు. అమ్మేముందు బండిని "కొంచెం వేడెక్కించి" పెట్టడం పాత అలవాటు. కొందరు ఏ దురుద్దేశమూ లేకుండానే చేస్తారు. కానీ మీకు నష్టమే.

స్టార్ట్ చేసేముందు బానెట్ ఎత్తండి. ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి రేడియేటర్ మూత తీయొచ్చు. వేడి బండిలో ఎప్పుడూ, ఎవరు చెప్పినా తీయకండి. లోపల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మొహాలు కాలినవాళ్లను నేను చూశాను. చల్లగా ఉన్నప్పుడు తీసి కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, రంగు చూడండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ, కంపెనీని బట్టి ఏదైనా ఉండొచ్చు. శుభ్రంగా, పారదర్శకంగా ఉండాలి. తుప్పు రంగు నీళ్లు ఉంటే కూలెంట్ మానేసి ఉత్త నీళ్లతో నడిపారని. పైన నూనె తెట్టు తేలుతుంటే ఆయిల్, కూలెంట్ కలుస్తున్నాయని, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య బిగించే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానం.

అప్పుడు రెండో సాక్షిని పిలవాలి. ఆయిల్ పోసే మూత విప్పి అడుగున చూడండి. మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే ఆయిల్లోకి నీరు చేరిందని అర్థం. అయితే ఇక్కడ తొందరపడకండి. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండిలో, చలి కాలంలో, ఇంజన్ పూర్తిగా వేడెక్కక తేమ మూత దగ్గర పేరుకుని ఇలాంటి జిగురే వస్తుంది. అందుకే ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్లో తెట్టు లేకపోతే భయం లేదు. మూడూ ఒకే మాట చెబితే మాత్రం ఆ బండిని వదిలేయండి. ఇంకో మాట, డీజిల్ ఇంజన్ ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. నలుపు చూసి "ఆయిల్ మార్చలేదు" అని అమ్మేవాళ్లతో వాదించకండి.

ఇప్పుడు తాళం తిప్పండి. స్టార్ట్ చేయకుండా ఆగండి. టీచరమ్మ బండిలో నేను చేసింది అదే. ఇంజన్ లైటు, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, అన్నీ వెలగాలి. వెలగని లైటు ఆరని లైటు కంటే ప్రమాదం. బల్బు తీసేసో, వెనక టేపు అంటించో ఉండొచ్చు. ఫోనులో వీడియో తీసుకోండి. ఏ లైటు ఎప్పుడు ఆరిందో తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు.

స్టార్ట్ చేశాక ఒకరు వెనక నిలబడాలి. చల్లటి పొద్దున తెల్లటి ఆవిరి మామూలే, సైలెన్సర్లోని తేమ అది. కాసేపటికి పోతుంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, తియ్యటి వాసన ఉంటే కూలెంట్ ఇంజన్లో కాలుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువ పడుతోంది, ఇది చాలాసార్లు బాగుచేసుకోవచ్చు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నీలం పొగ ఎప్పుడు వస్తుందో కూడా చూడాలి. ఏటవాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగి, మళ్లీ తొక్కినప్పుడు గుప్పుమంటే వాల్వ్ సీల్స్. తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు. మొదటిది భరించగలిగిన ఖర్చు. రెండోది ఇంజన్ మొత్తం విప్పించే ఖర్చు.

ఇక మీటరు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

డిజిటల్ మీటర్ వచ్చాక వెనక్కి తిప్పడం కష్టమైందని చాలామంది అనుకుంటారు. నిజానికి సులభమైంది. పాతకాలం మీటరులో అంకెల చక్రాలు వంకరగా నిలబడి దొంగతనాన్ని పట్టిచ్చేవి. ఇప్పుడు అంకె ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. కాబట్టి మీటరుని నమ్మాలా వద్దా అని తల పట్టుకోవడం మానేసి, దాన్ని ఒక సాక్షి చెప్పిన మాటగా రాసుకుని మిగతావాళ్లను అడగండి.

టైర్ల దగ్గర మొదలుపెట్టండి. టైరు పక్క గోడ మీద డీవోటీ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2000 నుంచి ఇదే పద్ధతి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ చూడండి, తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీ చూడండి. నాకు స్టెప్నీ అంటే చాలా ఇష్టం. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాబట్టి చాలా బండ్లలో అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఉంటుంది, దాని తేదీ బండి పుట్టిన తేదీకి కొద్ది నెలల ముందు ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. బండి 2016ది. మీటరులో 30 వేలు. స్టెప్నీ 2016ది. మిగతా నాలుగు టైర్లు 2021వి, అవి కూడా సగం అరిగిపోయాయి. మామూలుగా నడిపిన కారుకు ఫ్యాక్టరీ టైర్లు 30 వేలకు మించే వస్తాయి. ఇక్కడ రెండో సెట్టూ సగమైంది. 30 వేలలో ఒకటిన్నర సెట్టు ఎలా అరిగింది? దీనికి సమాధానం ఉండొచ్చు. పంక్చర్లు కావొచ్చు, వయసు మీరి రబ్బరు చిట్లి మార్చి ఉండొచ్చు. సమాధానం అడగాలి, బిల్లు చూపించమనాలి.

తర్వాత బ్రేక్ డిస్కు. చక్రం సందుల్లోంచి టార్చ్ వేసి చూడండి. ప్యాడ్ తగిలే చోటు అరిగి, తగలని అంచు గట్టులా మిగులుతుంది. ఆ గట్టు ఎంత లోతుంటే డిస్కు అంత పని చేసింది. తక్కువ తిరిగిన బండికి లోతైన గట్టు ఉండకూడదు. డిస్కు మీదే కనీస మందం ఎంతో ముద్రించి ఉంటుంది.

లోపలికి వెళ్లండి. పెడల్ రబ్బర్లు, గేర్ నాబ్, స్టీరింగ్ మీద చేతులు పట్టుకునే చోట్లు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు, డ్రైవర్ కిటికీ బటన్. ఈ ఐదూ ఒకే మనిషి వల్ల అరిగేవి. ఐదూ ఒకే వయసు చెప్పాలి. నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో పెడల్ రబ్బర్లు సరికొత్తగా ఉన్నాయంటే సంతోషించకండి. సీటు అంచు నలిగి, పెడల్ కొత్తగా ఉంటే పెడల్ మార్చారు. ఎందుకు మార్చారు? పాత రబ్బరు నిజం చెబుతుంది కాబట్టి.

వెనకాల బాబు ఏదో అడుగుతున్నాడు. చెప్పు నాన్నా. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే అసలు కిలోమీటర్లు తెలుస్తాయా అంటున్నాడు. మంచి ప్రశ్న. కొన్ని బండ్లలో తెలుస్తాయి. ఇంజన్ కంప్యూటర్లోనో ఏబీఎస్‌లోనో గేర్‌బాక్స్ కంప్యూటర్లోనో కిలోమీటర్లు వేరుగా నమోదవుతాయి. మీటర్ తిప్పినవాడు అన్నీ తిప్పకపోవచ్చు. అది బండిని బట్టి, స్కానర్ని బట్టి ఉంటుంది. కానీ స్కానర్ నుంచి ఇంకో విషయం తప్పకుండా అడగండి. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ తప్పనిసరి. చాలా దేశాల బండ్లలో ఇప్పుడు డాష్‌బోర్డు కింద ఆ సాకెట్ ఉంటుంది. చవకైన బ్లూటూత్ స్కానర్ కొని ఫోనుకు కలుపుకోవచ్చు. అందరూ "ఎర్రర్ కోడ్లు ఏమున్నాయి" అని చూస్తారు. ఏమీ లేవు అని వస్తే ఊపిరి పీల్చుకుంటారు. నేను ముందు చూసేది రెడీనెస్ మానిటర్లు. బండి తన భాగాలను తాను పరీక్షించుకున్నదా లేదా అన్నది అవి చెబుతాయి. ఎవరైనా కోడ్లు చెరిపేస్తే మానిటర్లన్నీ మొదటికి వస్తాయి, మళ్లీ పూర్తవడానికి చాలాసార్లు, రకరకాలుగా నడపాలి. చాలా బండ్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా కనబడుతుంది. రోజూ నడుస్తోందన్న బండిలో కోడ్లు లేవు, మానిటర్లు సగం పూర్తి కాలేదు, చెరిపాక నడిచింది 6 కిలోమీటర్లు. అంటే మీరు వస్తున్నారని తెలిసి ఇంజన్ లైటు ఆర్పారు. బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని బండ్లలో ఇలాగే అవుతుంది. అందుకని అడగండి, బ్యాటరీ నిజంగా కొత్తదేనా చూడండి. మళ్లీ పొంతనే.

బాడీ సంగతి. పగటి వెలుగులోనే చూడండి, బండి తడిగా ఉన్నప్పుడు చూడొద్దు. నీటి పొర గీతల్నీ సొట్టల్నీ కప్పేస్తుంది. హెడ్‌లైట్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బండి పక్క పొడవునా చూపు సాగనివ్వండి. ప్రతిబింబం ఎక్కడ వంగితే అక్కడ పుట్టీ ఉండొచ్చు. ఫ్యాక్టరీ పెయింటు మందం సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మళ్లీ పెయింటు వేస్తే 200, 300 దాటుతుంది. పుట్టీ ఉంటే వెయ్యి కూడా దాటొచ్చు. మందం కొలిచే చిన్న యంత్రాలు దొరుకుతాయి. ప్లాస్టిక్ బంపర్ మీద అవి పనిచేయవు. అల్యూమినియం బానెట్‌కు అల్యూమినియం కొలిచే రకం కావాలి.

అయితే పెయింటు వేసిన తలుపు కనబడగానే పారిపోకండి. ఇది నేను గట్టిగా చెప్పాలనుకునే మాట. పదేళ్లు రోడ్డు మీద తిరిగిన బండికి ఒక తలుపుకో బంపర్‌కో పెయింటు పడటం సహజం. గోడకు రాసుకుంటే తలుపుకు పెయింటు వేయిస్తారు, అందులో దోషం లేదు. చూడాల్సింది అస్థిపంజరం. బానెట్ ఎత్తితే రెండు పక్కలా ముందుకు సాగే రెండు లావు ఇనుప దూలాలు, షాక్ అబ్జార్బర్ పైకొచ్చే గుండ్రటి చోట్లు, డిక్కీలో స్టెప్నీ గుంట అడుగు. ఫ్యాక్టరీలో రోబో వేసిన స్పాట్ వెల్డింగులు సమాన దూరంలో చిన్న గుండ్రటి గుంటలుగా ఉంటాయి. కొట్టి సరిచేసిన చోట వెల్డింగు గడ్డలు గడ్డలుగా, సీలర్ చేత్తో పూసినట్టుగా ఉంటుంది. ఎడమ వైపునీ కుడి వైపునీ పక్కపక్కన ఫోటో తీసి పోల్చండి. బండి తన ఒక పక్కకు ఇంకో పక్కే కొలబద్ద. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు చిట్లి ఉంటే ఎవరో స్పానర్ పెట్టారు. అద్దాల మూలన చిన్న ముద్ర ఉంటుంది, కంపెనీ పేరు, తయారీ సంవత్సరాన్ని తెలిపే అంకె. అన్ని అద్దాలకూ ఒకటే ఉంటే సరి. ముందు అద్దం రాయి తగిలి మార్చారంటే నమ్మొచ్చు. ముందు అద్దమూ ఒక పక్క రెండు తలుపుల అద్దాలూ వేరే సంవత్సరానివైతే ఆ పక్క ఏదో గట్టిగా గుద్దింది.

వరద నీళ్లలో మునిగిన బండి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మాత్రం ఏ ధరకూ కొనొద్దంటాను. నీరు ఎండిపోతుంది, బురద కడిగేస్తారు. కానీ వైరింగ్ కనెక్టర్లలోకి వెళ్లిన తేమ నెలల తరబడి లోలోపల తింటుంది. ఇవాళ కిటికీ ఎక్కదు, వచ్చే నెల ఏబీఎస్ లైటు, ఆ తర్వాత నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోవడం. కనిపెట్టడం ఎలా? సీట్ బెల్టు పూర్తిగా, చివరిదాకా లాగండి. చుట్టలోపల ఉన్న భాగాన్ని ఎవరూ కడగరు. అక్కడ మట్టి గీత కనబడితే నీరు ఆ ఎత్తుదాకా వచ్చింది. సీటు కింద పట్టాల తుప్పు చూడండి. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి కనెక్టర్లు చూడండి, మునిగిన బండిలో అవి ఆకుపచ్చగా పూసి ఉంటాయి. పాత బండిలో కొత్త కార్పెట్ ఉన్నా, లోపల సెంటు వాసన గుప్పున కొట్టినా, తలుపులు మూసుకుని పది నిమిషాలు కూర్చోండి. ముక్కు వాసన్ని పట్టేస్తుంది.

ఇక నడిపి చూడటం. అమ్మేవాళ్లు చెప్పిన దారిలో కాకుండా మీరు ముందే అనుకున్న దారిలో నడపండి. గతుకులు, నున్నటి రోడ్డు, చిన్న ఎత్తు, వేగం అందుకునే చోటు, అన్నీ ఉండాలి. రేడియో ఆపండి. మాటలు కూడా ఆపమనండి, మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. ఖాళీ చోటు దొరికితే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా కదలండి. టకటకమంటే యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్ పోయింది. వేగంతో పాటు పెరిగే ఊదుడు లాంటి శబ్దం వస్తే వీల్ బేరింగ్. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి వైపు బేరింగ్ అనుకోవచ్చు. టైరు శబ్దం కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి రోడ్డు మారినప్పుడు శబ్దం మారుతోందా గమనించండి. క్లచ్ చూడాలంటే నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి గట్టిగా తొక్కండి. ఇంజన్ గోల పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే బ్రేక్ మీద కాలుంచి పార్కింగ్ నుంచి రివర్స్‌కు, రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చండి. చాలాసేపు ఆలోచించి ధబేల్మని పడితే గేర్‌బాక్స్ జబ్బు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రిపేరు ఇంజన్ రిపేరంత బరువు.

తిరిగొచ్చాక వెంటనే ఆపేయకండి. ఇంజన్ నడుస్తుండగానే నిలబెట్టి, ఏసీ ఆపి, టెంపరేచర్ ముల్లు ఎటు పోతోందో చూస్తూ, రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగేదాకా ఉండండి. తర్వాత ఆపి ఐదు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా బాగా స్టార్ట్ అయి వేడిగా మొరాయించే బండ్లు కొన్ని ఉంటాయి. బండి నిలబెట్టిన చోట నేల చూడండి. ఏసీ నుంచి కారే మంచినీటి చుక్కలు ఫర్వాలేదు.

బ్యాటరీ ఒక్క ముక్కలో చెబుతాను. ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. బ్యాటరీ పోయినా మార్చుకోవచ్చు, దానికోసం మంచి బండి వదులుకోకండి.

టైమింగ్ బెల్టు మాత్రం అలా కాదు. కొన్ని ఇంజన్లకు చెయిన్ ఉంటుంది, కొన్నింటికి రబ్బరు బెల్టు. బెల్టును ఇన్ని కిలోమీటర్లకో ఇన్నేళ్లకో, ఏది ముందైతే దానికి మార్చాలని కంపెనీ చెబుతుంది. మీరు కొనబోయే ఇంజన్‌కు ఎంతో ముందే తెలుసుకుని వెళ్లండి. చాలా ఇంజన్లలో నడుస్తుండగా అది తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి, ఇంజన్ అక్కడికక్కడే పాడవుతుంది. "మార్చామండీ" అంటారు. బిల్లు ఉంటే మార్చినట్టు, బిల్లు లేకపోతే మార్చనట్టు. ఆ ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి.

కాగితాల్లో నేను చెప్పగలిగేది ఛాసిస్ నంబర్ గురించి. 1981 నుంచి వచ్చిన పద్ధతిలో అది 17 అక్షరాలు, అంకెల వరస. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు. ఒకటితో, సున్నాతో పొరపడతారని వాటిని వదిలేశారు. మూడింటిలో ఏది కనబడినా ఆ నంబర్ను అనుమానించండి. బండి ఇనుము మీద కొట్టినది, ప్లేటు మీద ఉన్నది, కాగితంలో ఉన్నది ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి సరిచూడండి. ఆ నంబర్‌తోనే రీకాల్ పనులు, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచే పనులు, పెండింగులో ఉన్నాయేమో చూసుకోవచ్చు. టకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి వినే ఉంటారు. అందులో వాడిన అమోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి చెడిపోయి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషికి గుచ్చుకున్నాయి. మనుషులు చనిపోయారు. రకరకాల కంపెనీల బండ్లు కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు. బండి పాతబడేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది, చేతులు మారేకొద్దీ కంపెనీ పంపే ఉత్తరం కొత్త యజమానికి చేరదు. కాబట్టి ఆ పని మీరే చేయాలి.

అమ్మా, మీరు అడగండి. "మాకు ఇదంతా రాదు, మెకానిక్‌ను తీసుకెళ్తే సరిపోదా?" తప్పకుండా తీసుకెళ్లండి. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు చూడటం మీరు చేయలేరు, అతనే చేయాలి. కానీ అతను అమ్మేవాళ్లు చూపించిన మనిషి కాకూడదు. ఫీజు మీరే ఇవ్వాలి, బండి కొన్నా మానినా అంతే ఫీజు అని ముందే చెప్పాలి. కొంటేనే డబ్బొస్తుందంటే ఎంత మంచివాడి కళ్లయినా కొంచెం మెత్తబడతాయి. ఇప్పుడు చెప్పినవి ముందు మీరే చూసుకుంటే, అతణ్ని పిలిచేలోపే చాలా బండ్లు పక్కకు పోతాయి, ఫీజులూ మిగులుతాయి. బండి బాగున్నా, మెకానిక్‌కు చూపించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంటికి వచ్చేయండి.

"ఇంకొకరు సాయంత్రం అడ్వాన్సు ఇస్తామన్నారు" అంటే ఏం చేయాలని ఇందాక ఒకాయన కాగితం మీద రాసి పంపారు. ఇవ్వనివ్వండి. నేనే ఒకసారి అలా తొందరపడి, వాన పడుతుండగా, చీకట్లో చూసి బండి కొన్నాను. మర్నాడు ఎండలో చూస్తే కుడి పక్క రెండు తలుపులూ వేరే రంగు. తర్వాత ఏడాదిలో అదే మోడల్ బండ్లు నా షెడ్డుకే మూడు అమ్మకానికి వచ్చాయి.

సరే, ఇప్పుడు కింద ఆవరణలోకి వెళ్దాం. ఒక బండి పెట్టించాను. నిన్న సాయంత్రం నుంచి ఎవరూ స్టార్ట్ చేయలేదు. అందులో ఏముందో నాకు తెలుసు, మీకు చెప్పను. నలుగురేసి చొప్పున రండి, ఫోనులో టార్చ్ వేసుకోండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీ మీద తేదీ చదివి నాకు చెప్పండి. మిగతాది అక్కడి నుంచి మొదలుపెడదాం.